బుట్ట పిడి కత్తి

పాత ఆయుధాలు సేకరించేవాళ్లు ఎంతో ఇష్టపడే వాటిలో బ్రిటన్‌ బుట్ట పిడి కత్తి ఒకటి. దాని పిడి చుట్టూ ఇనుప కమ్ములు బుట్ట అల్లినట్టు ఉంటాయి. యుద్ధంలో వేళ్లు తెగిపోకుండా అవి కాపాడతాయి. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు ఓడలో కూడా ఇలాంటి కత్తి దొరికింది. తర్వాత కాలంలో ఇది స్కాట్లాండ్ కొండ ప్రాంతపు హైలాండర్ల కత్తిగా పేరు పొందింది.

అయితే కత్తి అంతా అక్కడిది కాదు. పిడిని గ్లాస్గో, స్టిర్లింగ్ ఊళ్ల పనివాళ్లు చేసేవారు. అలుగు, అంటే కోసే భాగం, చాలా కత్తులకు జర్మనీలోని సోలింగెన్ నుండి వచ్చేది. దానిమీద ఆండ్రియా ఫెరారా అని ఇటలీ పేరు కొట్టేవారు. ఆ పేరుకు గిరాకీ ఎక్కువ! అందుకే తెలిసినవాళ్లు పేరు ఒక్కటే చూసి కొనరు, పిడి పనితనం కూడా చూస్తారు.

1746లో కల్లోడెన్ యుద్ధంలో హైలాండర్ల సైన్యం ఓడిపోయింది. అదే ఏడాది వచ్చిన చట్టం వాళ్లు ఆయుధాలు పట్టకూడదంది, తమ గళ్ల బట్టలు కూడా కట్టకూడదంది. బట్టల నిషేధం 1782 దాకా పోలేదు.

అలుగు జర్మనీది, పేరు ఇటలీది. అయినా హైలాండర్లకు అది తమ కత్తే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాలాంటి వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇలాంటి కత్తి దొరికితే తళతళలాడేలా తోమకూడదు. తోమితే ఆ గుర్తులన్నీ అరిగిపోతాయి, కత్తి మిగిలినా దాని కథ మిగలదు.