సర్పికి మా తాత పూసిన జాజు

మా తాత కుమ్మరి. సబ్బవరానికి కూతవేటు దూరంలో మా ఊరు. సారె తిప్పి కుండలు చేసి, ఆము కాల్చి అమ్ముకోవడం ఆయన బతుకుతెరువు. సర్పి లేచినవాళ్లకి జాజు పూయడం మాత్రం ఊరు ఆయనకి అప్పగించిన పని, దానికి డబ్బులు పుచ్చుకునేవాడు కాదు. ఆదివారం తెల్లవారేసరికి ఎవరో ఒకరు మా గుమ్మం ముందు నిలబడి ఉండేవారు. చొక్కా పైకెత్తితే నడుము మీదో చంక కిందో, ఒక పక్కనే, బెత్తెడు వెడల్పున నీటి పొక్కుల బారు. తాత జాజు రాయిని నీళ్లతో అరగదీసి, కోడి ఈక ముంచి, పొక్కుల చుట్టూ గీత గీసేవాడు. మధ్యలో సింహం బొమ్మ దించేవాడు. "రెండు కొసలూ కలవనీకూడదు బావూ. కలిసేయంటే మనిషి దక్కడు" అనేవాడు.

కొసలు ఎందుకు కలవవో నాకు తెలిసేసరికి నాకు అరవై నాలుగేళ్లు వచ్చాయి. సర్పి నాకే లేచింది.

చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసింది. మా అమ్మ వేపమండలు గుమ్మానికి కట్టి, అనకాపల్లి నూకాలమ్మకి మొక్కుకుంది. తొమ్మిదో రోజున తలకి నీళ్లు పోసి, తల్లి చల్లగా వెళ్లిపోయిందన్నారు. ఆటలమ్మ తెచ్చిన వైరస్ మాత్రం వెళ్లలేదు. వెన్నెముక పక్కన ఉండే నరాల ముడిలో యాభై ఏళ్లకి పైగా పడుకుని, ఒంట్లో సత్తువ తగ్గాక ఒక్క నరం పట్టుకుని చర్మం మీదికి వచ్చింది. ఒక్కో నరం ఒంటికి ఒక పక్కనే, ఒక పట్టీ మేరకే పాకుతుంది. అందుకే పొక్కులు నడిమధ్య గీత దాటడం చాలా అరుదు. జబ్బు ఉండేది వెన్ను పక్క నరాల ముడిలోనని 1900లో హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు డాక్టర్లు ఇంగ్లండులో చచ్చిపోయినవారి నరాలు కోసి చూసి రాశారు. ఆటలమ్మ వైరసే మళ్లీ లేచి సర్పిగా వస్తుందని 1965లో గట్టిగా చెప్పింది హోప్ సింప్సన్. ఆయన ఒక చిన్న పట్నంలో ప్రాక్టీసు పెట్టుకున్న మామూలు వైద్యుడు. తన దగ్గరికి వచ్చే రోగుల వివరాలు ఏళ్ల తరబడి రాసి పెట్టుకున్నాడు. ఆయనంటే నాకు గౌరవం.

తాత జాజు పనిచేసిందా? పడుచువాళ్లకి పనిచేసినట్టే ఉండేది. పొక్కులు మూడు నాలుగు వారాల్లో వాటంతటవే ఎండిపోతాయి, పేరు జాజుకి వచ్చేది. ముసలివాళ్ల సంగతి వేరు. ఒక ముసలమ్మ ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చింది. పైటకొంగు ఒంటికి తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకుని ఉంది. "పొక్కుల్లేవు నాయినా, మంటుంది" అంది. తాత చూశాడు. చర్మం శుభ్రంగా ఉంది. అయినా జాజు అరగదీసి పూశాడు. ఆమె వెళ్లాక చాలాసేపు సారె దగ్గర ఊరికే కూర్చున్నాడు. ఆయన చేతిలో ఇంకేమీ లేదు.

ఆ మంట ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు. నేను ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల మీద పనిచేసి రిటైరైన మనిషిని. ఓవెన్ తలుపు తీసినప్పుడు మొహాన కొట్టే సెగ నాకు కొత్త కాదు. ఇది అలాంటిది కాదు. బనియను అంచు తగిలితే కారం రాసినట్టు, ఫ్యాను గాలి తగిలితే సూదులు గుచ్చినట్టు, ఉండుండి కరెంటు షాకు. నరం దెబ్బతిని, లేని మంటని ఉందని మెదడుకి చెబుతుంది. మామూలు నొప్పి బిళ్ల దీని మీద పనిచేయదు. పారాసెటమాల్ మింగి మింగి విసిగిపోయాను.

ఇలాంటి నరాల నొప్పులకి వాడే మందుల్లో చాలావరకు వాటికోసం పుట్టినవి కావు. మూర్ఛకి 1938లో వాడుకలోకి వచ్చిన ఫెనిటాయిన్‌ని నాలుగేళ్లకి ఒక ఫ్రెంచి వైద్యుడు మొహం నరాల పోటుకి ఇచ్చి చూశాడు. బాజెల్ నగరంలో గైగీ కంపెనీ 1953లో తయారు చేసిన కార్బమజెపిన్ కూడా మూర్ఛ మందుగా పేరు పడిందే. 1962లో స్వీడన్ డాక్టరు బ్లోమ్ దానితో మొహం పోటు తగ్గుతోందని రాశాడు. అమిట్రిప్టిలిన్ 1961లో దిగులు జబ్బుకి వచ్చింది. 1982లో సర్పి తర్వాత మిగిలే మంటకి దాన్ని పరీక్షించారు. మంట తగ్గిన మోతాదులు దిగులుకి ఇచ్చేవాటికన్నా బాగా తక్కువ. ఒకే మందు, జబ్బు మారితే లెక్క మారింది. ప్రతి చోటా ఎవరో ఒక డాక్టరు రోగి మాట చెవినిపెట్టి విన్నాడు, అందుకే దారి దొరికింది.

గాబాపెంటిన్ది కూడా అదే దారి. మెదడులోని గాబా అనే పదార్థాన్ని పోలి ఉండాలని దాన్ని కట్టారు. తీరా చూస్తే పనిచేసేది గాబా మీద కాదు. నరం కొసలో కాల్షియం లోపలికి పోయే ద్వారాన్ని పట్టుకుని, నరం అరుపుని తగ్గిస్తుంది. అమెరికాలో 1993 డిసెంబరులో మూర్ఛకి అనుమతి వచ్చింది, సర్పి మంటకి 2002లో. ఈ మధ్యలో దాన్ని అమ్మే కంపెనీ అనుమతి లేని జబ్బులకి కూడా అంటగట్టింది. ఆ నేరం ఒప్పుకుని 2004లో 43 కోట్ల డాలర్లు కట్టింది. అదే ఏడాది ప్రెగాబాలిన్ వచ్చింది.

ఇంత దూరాన పుట్టిన మందు ముడిసరుకు ఇప్పుడు మా సముద్రం ఒడ్డునే తయారవుతోంది. భీమిలి దగ్గర చిప్పాడలో దివీస్ ఫ్యాక్టరీ ఉంది, ఆ కంపెనీ ప్రపంచానికి అమ్మే సరుకుల్లో గాబాపెంటిన్ ఒకటి. మా పక్కనే పరవాడ ఫార్మాసిటీ. మందుల పొడులు చేసే ఊళ్ల మధ్య బతుకుతూ, ఏ పొడి ఎంత తినాలో చెప్పే మనిషి కోసం నేను ఏడు నెలలు తిరిగాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మొదట చూపించుకున్న చోట మూడు మందులు కలిపిన ఒకే క్యాప్సూల్ రాశారు. ప్రెగాబాలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10, ఒక విటమిన్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మూడో రోజు బాత్రూములో తూలి పడ్డాను. నాలుక పిడచ కట్టుకుపోయింది, మూత్రం ఆగి ఆగి వచ్చింది. ప్రోస్టేటు పెరిగినవాళ్లకి నార్ట్రిప్టిలిన్ అలా చేస్తుందట. సగం తగ్గిద్దామంటే క్యాప్సూల్లో ఒక మందు తగ్గించి ఇంకోటి ఉంచే వీలు లేదు. మానేశాను. ఒక్కసారిగా మానకూడదని చెప్పినవారు లేరు. రెండు రాత్రులు నిద్ర లేదు, ఒళ్లంతా చెమటలు.

రెండో చోట డాక్టరమ్మ మందు రాయకముందే రక్త పరీక్ష రాసింది. క్రియాటినిన్ 1.5. "ఈ మందు లివర్‌లో కరగదండీ, కిడ్నీల నుంచే బయటికి పోవాలి. మీ కిడ్నీలు కాస్త నెమ్మది, కాబట్టి మన లెక్కా నెమ్మదిగానే" అంది. రాత్రికి గాబాపెంటిన్ 100తో మొదలుపెట్టి, వారానికొక మెట్టు ఎక్కుదామంది.

నాకు వెంటనే అర్థమైంది. కొత్త కోక్ ఓవెన్ బ్యాటరీని ఒక్కరోజులో వేడెక్కించరు. లోపలి సిలికా ఇటుక పగులుతుంది. రోజుకి కొన్ని డిగ్రీల చొప్పున, రెండు మూడు నెలలు పెంచుతారు. 1990లో మా ఫ్యాక్టరీలో గోదావరి అనే బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగే ముందు మా ఓవెన్లని అలాగే కాచాం. మా తాత కూడా ఆము పెట్టినప్పుడు ముందు పొగే పెట్టేవాడు. పచ్చి కుండకి తడి పోయాకే మంట.

షిఫ్టులో లాగ్ బుక్ రాసిన అలవాటు కదా, ఒక నోటు పుస్తకం తీశాను. ఎన్ని గంటలకి ఎంత వేసుకున్నాను, మంట పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు, తూలు ఉందా. మొదటి వారం మంట 8, తూలు లేదు. రాత్రి 300 దగ్గర మంట 7. పొద్దున 300, రాత్రి 300 దగ్గర 5, పగలు మత్తు. రెండు వారాలకి మత్తు పోయింది. రాత్రి మాత్ర 600 చేశాక 3. పొద్దున మాత్ర కూడా 600 చేస్తే మంట ఇంకా తగ్గలేదు, కాళ్లు వాచాయి. వెనక్కి వచ్చేశాం. గాబాపెంటిన్‌కి ఒక గుణం ఉంది: మోతాదు పెంచేకొద్దీ పేగు దాన్ని తక్కువ తక్కువగా తీసుకుంటుంది. రోజుకి 900 తింటే సుమారు 60 శాతం ఒంటికి పడుతుంది, 3600 తింటే 33 శాతమే. రెట్టింపు మింగితే రెట్టింపు పని జరగదు. కడుపు మంటకి నేను తాగే అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన సిరప్ కూడా దాన్ని అడ్డుకుంటుంది. రెండు గంటలు ఆగాలని ఆమె చెప్పాకే తెలిసింది.

ఆ పుస్తకం చూసి ఆమె నాతో ఒక నిజం చెప్పింది. ఈ మందు తిన్న పదిమందిలో సుమారు ముగ్గురికే మంట సగానికి సగం తగ్గుతుందట. మిగతావారికి ఇంకోటి వెతకాలి. మిరపకాయ కారంలోని కాప్సైసిన్‌తో చేసే పూత మందు కూడా ఆ జాబితాలో ఉంది. నేను ఆ ముగ్గురిలో పడ్డాను, అంతే.

మా వియ్యంకుడిది కవిటి, ఉద్దానం. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకుంటున్నాడు, అరికాళ్ల మంటలు. నా మాత్రలు నాలుగు పంపుదామనుకున్నాను. డాక్టరమ్మ గట్టిగా వద్దంది. నాకు రోజు మోతాదైంది ఆయనకి మత్తెక్కించి మనిషిని పడుకోబెట్టేస్తుందట. డయాలసిస్ రోజు, అది అయ్యాక, చిన్న మోతాదు, అదీ అక్కడి డాక్టరే చూసి ఇవ్వాలి. మన వాడలో ఒకరి స్ట్రిప్పు ఒకరు అడిగి తీసుకోవడం మామూలు. ఈ మందుతో ఆ పని చేయకండి.

ఇప్పుడు పొద్దున 300, రాత్రి 600. మంట రెండు. చొక్కా వేసుకోగలుగుతున్నాను. పైటకొంగు ఎత్తి పట్టుకున్న ఆ ముసలమ్మ మాత్రం రోజూ గుర్తొస్తుంది. అప్పటికే కార్బమజెపిన్ ఉంది, అమిట్రిప్టిలిన్ ఉంది. 1923 నుంచి విశాఖలో కేజీహెచ్ ఉంది, బస్సెక్కితే పూట ప్రయాణం. ఆమెకి ఆ సంగతి చెప్పినవారు లేరు.

అందుకే చెబుతున్నాను. యాభై దాటినవాళ్లకి ఒంటికి ఒక పక్కనే మంట పుట్టి, వరసగా పొక్కులు లేస్తే ఆదివారం దాకా ఆగకండి. ఎసైక్లోవిర్ లాంటి మందు పొక్కు లేచిన 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. సర్పి రాకుండా టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది, రెండు డోసులు. ఖరీదైనదే, మీకు అవసరమో కాదో డాక్టరుని అడగండి. జాజు పూసుకుంటానంటే నేను కాదనను, మా తాత చేతి పని అది. ముందు ఆసుపత్రికి వెళ్లి రండి.