కారకాత్మక ప్రయోగ రచన

మనశ్శాస్త్ర పరిశోధనయందు రెండు గాని, అంతకు మిక్కిలి గాని స్వతంత్ర చరములను ఒకే ప్రయోగమున చేర్చి, వాని స్థాయిల సంయోగములన్నిటిని పరీక్షించు పద్ధతికి కారకాత్మక ప్రయోగ రచన యని పేరు. ఇంగ్లండునందలి రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున ఎరువుల పరీక్షలను విచారించుచు రోనాల్డ్ ఫిషర్ 1920ల దశకమున దీనికి శాస్త్రీయ స్వరూపము నొసగెను. మనస్సును శోధించు ఈ సాధనము పొలము గట్ల మీదనుండి వచ్చినదన్నమాట.

ఒక చరము తానుగా కలిగించు సగటు మార్పు ప్రధాన ప్రభావము. ఒకదాని ప్రభావము రెండవదాని స్థాయిని బట్టి మారినచో అది పరస్పర ప్రభావము. గాడెన్, బాడ్లీలు 1975లో ప్రకటించిన ప్రయోగము దీనికి చక్కని నిదర్శనము. డైవర్లు 36 పదముల పట్టికను ఒడ్డుననో నీటి అడుగుననో నేర్చి, అచ్చటనే గాని, రెండవ చోట గాని ఒప్పగించిరి. ఒడ్డున నేర్చినప్పుడు ఒడ్డున సగటున 13.5, నీటిలో 8.6 పదములు జ్ఞప్తికి వచ్చెను. నీటిలో నేర్చినప్పుడు నీటిలో 11.4, ఒడ్డున 8.4. నేర్చిన చోటును గాని, ఒప్పగించిన చోటును గాని విడిగా గ్రహించి సగటు కట్టినచో భేదము ఇంచుమించు ఒక్క పదమే. అంతటితో తృప్తి చెందిన పరిశోధకుడు స్థలమునకు ప్రాధాన్యము స్వల్పమని పొరబడక మానడు. గ్రాఫున మాత్రము నేర్చిన చోటు కొక్కటిగా గీచిన రెండు రేఖలును సమాంతరముగా సాగక పరస్పరము ఖండించుకొనును. పరస్పర ప్రభావము బలమైనదైనపుడు ప్రధాన ప్రభావములను ఒంటిగా వ్యాఖ్యానించుట ప్రమాదకరము.

అయితే 2021లో ప్రకటితమైన పునఃప్రయోగమున గాడెన్, బాడ్లీల ఫలితము మరల లభింపలేదు.