అడవి ఎలుక మోయు అదనపు క్రోమోజోములు

మనుష్యునికి క్రోమోజోములు 46. వానిలో మిక్కిలి చిన్నదైన 21వది ఒక్కటి అధికమైనచో శిశువు ఎదుగుదలయే మారునని 1959లో ఫ్రాన్సున లెజూన్ బృందము తెలిపినది. ఇక అడవి చిట్టెలుకను చూతము.

జపానులోని హొక్కైడో ద్వీపమున 1970 ప్రాంతమున హయాటా ప్రభృతులు ఈ ఎలుకల క్రోమోజోములను లెక్కించిరి. ఒకదాని లెక్క మరియొకదానితో కుదురలేదు! వేర్వేరు జాతులా యన్న, కావు. 48 అన్నిటికిని సమానము, పైవి అదనము. ఈ జాతియే సైబీరియాలో 30 వరకు అదనపువానితో దొరకినది. హొక్కైడోకు పొరుగుననున్న సఖాలిన్ ద్వీపపు ఎలుకలలో మాత్రము అవి కానరాలేదు.

ఈ వింత ఎలుకలతో మొదలైనది కాదు. అమెరికాలో విల్సన్ 1907లోనే నల్లి వర్గపు పురుగులో దీనిని చూచెను. మొక్కజొన్నను పరిశోధించిన రాండాల్ఫ్ 1928లో "బి క్రోమోజోములు" అని పేరిడెను. ఇవి పరాన్నభుక్కులని 1945లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఓస్టర్‌గ్రెన్ వాదించెను: జీవికి మేలు చేయకున్నను, తమ వంతుకు మించి బీజకణములలో జొరబడి వంశము నిలుపుకొనునట! పిలువని పేరంటమునకు వచ్చి తిష్ఠవేసిన చుట్టములన్నమాట. ఈ వాదము బలమైనదనియే మా తలంపు.

మరి మనుష్యునికి ఒకటి చేయు చేటు ఎలుకకు 30 ఏల చేయవు? మన 21వ క్రోమోజోమున వందలకొలది జన్యువులు కలవు. మూడవ ప్రతి వాని పనిని హెచ్చించును. బి క్రోమోజోములలో అధికభాగము మరల మరల వచ్చు డి.ఎన్.ఏ. వరుసలే. అట్లని అన్నియు మూగవి కావు: 2005లో నక్క బి క్రోమోజోములలో కిట్ అను జన్యువు బయటపడినది.