నమూనా సీసా కథ, మన పీజీల మాట



మన మహదేవపుర పీజీల్లో తెలుగు పిల్లలు చాలామంది ఉంటున్నారు. ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే మనం చేసేది ఒకటే. ఫలానా చోట తినకండని ఫోనులో వీడియో పంపిస్తాం. నిజమెంతో ఎవరికీ తెలియదు. ఈ చిక్కు పాతదే. దీనికి చట్టం దారి ఎలా చూపిందో చూద్దాం.

1875లో బ్రిటన్‌లో ఒక చట్టం వచ్చింది. అధికారి కొన్న సరుకును మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి పరీక్షకు, ఒకటి అధికారి దగ్గర, ఒకటి అమ్మినవాడికి. పరీక్షలో పొరపాటు జరిగిందనుకుంటే అమ్మినవాడు తన భాగం చూపించుకోవచ్చు. తినేవాడికీ, అమ్మేవాడికీ ఇద్దరికీ న్యాయం జరగాలన్నది అందులోని ఆలోచన.

మన తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడే, 1918లో, అక్కడ కల్తీ నిరోధక చట్టం చేశారు. తర్వాత దేశమంతటికీ 1954 చట్టం వచ్చి, 1955 జూన్ 1 నుంచి అమలైంది. అందులోనూ నమూనా మూడు భాగాలే. పాల నమూనా చెడిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేసేవారు. 1976 సవరణ దాకా ఒక భాగం అమ్మినవాడి చేతికే ఇచ్చేవారు.

ఇప్పుడున్నది 2006 చట్టం. 2011 ఆగస్టు 5 నుంచి అమలులో ఉంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ నమూనాను నాలుగు భాగాలు చేస్తారు. వ్యాపారి కోరితే ఒక భాగాన్ని గుర్తింపు ఉన్న వేరే ల్యాబుకు పంపాలి. మొదటి రిపోర్టు 14 రోజుల్లో రావాలి. దానిపై అప్పీలు కూడా ఉంది.

పరీక్ష వల్ల ఏం తేలుతుందో 2024 మార్చిలో చూశాం. కర్ణాటకలో 171 గోబీ మంచూరియా నమూనాలు పరీక్షిస్తే 107లో వాడకూడని రంగులు దొరికాయి. బట్టలకు వేసే రోడమైన్-బి కూడా అందులో ఉంది. ప్రభుత్వం ఆ రంగుల్ని నిషేధించింది. మిగతా 64 నమూనాల్లో అవి దొరకలేదు. వాటిని అమ్మినవాళ్ళ మీద పడ్డ అనుమానాన్ని తీర్చింది కూడా ఆ ల్యాబే. వీడియోకు ఆ తేడా తెలియదు. ఒక్క పుకారుతో బండివాడి బతుకు పోతుంది. ఊరికే వదిలేస్తే పిల్లల ఆరోగ్యం పోతుంది.

వంట ఉన్న పీజీలకు ఆహార లైసెన్సు ఉండాలని 2024లోనే బీబీఎంపీ నియమం పెట్టింది. పిల్లల్ని చేర్చేముందు ఆ కాగితం అడగడం మన పని.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 2006 చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొన్నవాళ్ళే ఫీజు కట్టి ఆహారాన్ని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ సంగతి అమ్మేవాడికి చెప్పాలి. సరుకు ప్రమాణానికి తగినట్టు లేదని తేలితే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు. 1954 చట్టంలోనూ ఇలాంటి హక్కు ఉండేది.

మనలో ఎంతమందిమి దాన్ని వాడుకున్నాం? ఇకమీదట ఫిర్యాదు వస్తే వీడియో పంపకుండా, సంఘం తరఫున ఆ ఫీజు కడదామని మా ప్రతిపాదన. రిపోర్టు ఏది వచ్చినా, మంచిదైనా చెడ్డదైనా, ఇక్కడే పెడదాం. మీ అభిప్రాయం రాయండి.