ఐరిష్ ‘బ్యాన్’ శబ్దం: వ్యుత్పత్తి, రూపనిష్పత్తి

ఐరిష్ భాషలో స్త్రీవాచకమైన ‘బ్యాన్’ నామపు విభక్తి రూపాలు మొదటి చూపులో ఒకే ప్రకృతికి చెందినవిగా తోచవు. ప్రథమా ఏకవచనం ‘బ్యాన్’. షష్ఠీ ఏకవచనం ‘మ్నా’. ప్రథమా బహువచనం కూడా ‘మ్నా’యే. షష్ఠీ బహువచనం ‘బన్’. బోధనా వ్యాకరణాలు దీనిని అపవాదాల పట్టికలో చేరుస్తాయి. చారిత్రక దృష్టితో పరిశీలిస్తే ఇది ఒక ప్రాచీన నియమానికి మిగిలిన అవశేషమని తెలుస్తుంది.

ప్రాచీన ఐరిష్‌లో ఈ రూపాలు ‘బెన్’, ‘మ్నా’. మూల ఇండో-యూరోపియన్ భాషలో ఈ శబ్దం ఓష్ఠ్యచ్ఛాయ గల గకారంతో మొదలయ్యేది. విభక్తిని బట్టి ప్రకృతిలో ఎకారం నిలిచేది లేదా లోపించేది. ఆ గకారం కెల్టిక్ శాఖలో బకారమైంది. సంస్కృత ‘గో’ శబ్దానికి ఐరిష్‌లో ‘బో’, ‘జీవ’ శబ్దానికి ‘బ్యో’ సజాతీయాలు కావడం ఇందుకు నిదర్శనం. ఎకారం నిలిచిన చోట ‘బెన్’ ఏర్పడింది. లోపించిన చోట ‘బ్నా’ ఏర్పడి, నకార సాన్నిధ్యం వల్ల బకారం అనునాసికమై ‘మ్నా’ అయింది.

ఇదే ద్వైవిధ్యం ఋగ్వేద భాషలోనూ ఉంది. స్త్రీ అనే అర్థంలో అక్కడ ‘జని’, ‘గ్నా’ అనే రెండు శబ్దాలు కనిపిస్తాయి. ఎకారానికి ముందున్న కంఠ్యం తాలవ్యమై ‘జని’ కాగా, నకారానికి ముందు అది గకారంగానే నిలిచి ‘గ్నా’ అయింది. ‘బెన్’కు ‘జని’, ‘మ్నా’కు ‘గ్నా’ సమాంతరాలు. ‘జనని’ మాత్రం జననార్థక ధాతువు నుండి వచ్చిన వేరొక శబ్దం. రూపసామ్యాన్ని బట్టి దానిని ఈ కోవలో చేర్చరాదు.

‘మ్నా’కు పూర్వరూపం ‘బ్నా’ అన్న నిర్ణయానికి శాసనాధారం కూడా ఉంది. ఫ్రాన్స్‌లోని లార్జాక్ ప్రాంతంలో 1983లో లభించిన గాల్ భాషా సీసపు ఫలకంపై ‘స్త్రీల యొక్క’ అనే అర్థంలో ‘బ్ననోమ్’ అనే రూపం ఉంది. ఐరిష్‌లో మారిపోయిన ‘బ్న’ సంయుక్తం అందులో చెక్కుచెదరలేదు.

వాక్యంలో ఈ శబ్దపు పదాది హల్లు కూడా మారుతుంది. నిర్దేశకం ‘అన్’ చేరితే ‘బ్యాన్’ సరళమై ‘అన్ వ్యాన్’ అవుతుంది. షష్ఠీ బహువచనంలో ‘న’ నిర్దేశకం తరువాత ‘బన్’ అనునాసికమై ‘న మన్’గా పలుకుతుంది. 1914లో డబ్లిన్‌లో ఏర్పడిన మహిళా సంస్థ ‘కుమన్ న మన్’ పేరులో ఉన్నది ఈ రూపమే. ఆ నిర్దేశకం చివర ఒకప్పుడు ఉండిన అనునాసికం లోపించినా, దాని ప్రభావం తరువాతి పదంపై నేటికీ మిగిలింది.

కనుక ఒక నామం నియమానికి లొంగనప్పుడు, దానిని అపవాదమని విడిచిపెట్టే ముందు, ఏ పూర్వ నియమానికి లొంగి ఉండేదో విచారించడం అవసరం.