ఓపెన్ సోర్సుకు కోడు అందించడం: టి. నగర్‌కు చదువుకై వెళ్ళే పిల్లలు, వారి పెద్దలు తెలుసుకోదగిన విషయాలు

కంప్యూటరు చేయవలసిన పనిని మనిషి చదవగలిగే రూపంలో రాసిన మూలపాఠాన్ని సోర్సు కోడు అంటారు. ఈ మూలపాఠాన్ని ఎవరైనా చదువుకోవడానికి, మార్చుకోవడానికి, ఇతరులకు పంచడానికి అనుమతిస్తూ విడుదల చేసిన సాఫ్ట్‌వేరును ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు అనీ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనీ వ్యవహరిస్తారు. అందులోని లోపాన్ని సరిదిద్ది గానీ, కొత్త సౌకర్యాన్ని చేర్చి గానీ, ఆ మార్పును నిర్వాహకులకు సమర్పించడమే కోడు అందించడం. ఇందుకు డిగ్రీ అడగరు, రుసుము పుచ్చుకోరు.

టి. నగర్, సరిహద్దు తెలుగువారు

చెన్నైలోని త్యాగరాయ నగర్ 1920వ దశకంలో వెలసింది. జస్టిస్ పార్టీ నాయకుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు దీనికి పెట్టారు. పేట నడుమనున్న పానగల్ పార్కు, 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాధినేతగా ఉన్న పానగల్ రాజా రామరాయణింగారి జ్ఞాపకం. ఆంధ్రా క్లబ్బు ఉన్నది కూడా ఈ పేటలోని విజయరాఘవ రోడ్డులోనే.

తిరుత్తణి, అరక్కోణం వైపు వారు, సూళ్ళూరుపేట, గుమ్మిడిపూండి వైపు వారు సెంట్రల్‌లో దిగి, ఎదుటి పార్కు స్టేషనులో తాంబరం బండి ఎక్కి మాంబళం చేరుకుంటారు. పెళ్ళి బట్టలకు, నగలకు ఈ దారి పట్టే కుటుంబాలు పిల్లల కంప్యూటరు కోర్సుల కోసం కూడా ఇదే దారి పడుతున్నాయి. పంట సొమ్ముతోనో, అప్పుతోనో ఫీజు కట్టే ముందు, ఇంటి వద్ద నుంచే రుసుము లేకుండా నేర్చుకుని నిరూపించుకునే మార్గం ఒకటి ఉన్నదని పెద్దలు తెలుసుకోవడం మేలు.

చరిత్ర సంగ్రహం

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును విడుదల చేశారు. ఓపెన్ సోర్సు అనే పేరు 1998లో వాడుకలోకి వచ్చింది. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లు లినక్సు కెర్నెల్ మీదనే నడుస్తున్నాయి.

చెన్నైకి కూడా ఈ చరిత్రలో స్థానం ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చెన్నై కేంద్రం, డెబియన్ ఆధారంగా బాస్ లినక్సును రూపొందించి 2007లో విడుదల చేసింది. తెలుగుతో సహా భారతీయ భాషలలో పని చేసుకునే వీలు కల్పించడం దీని ఉద్దేశాలలో ఒకటి. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో పంచిన ఎన్నో యంత్రాలలో విండోస్‌తో పాటు బాస్ కూడా ఉండేది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టం కోసం కృషి చేసింది.

తెలుగు తెలిసినవారి అవసరం

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం "జ్ఞా" ఒక ప్రత్యేక సంకేత క్రమంలో వచ్చినప్పుడు ఐఫోన్లలో సందేశాల యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో దానిని సరిచేసింది. కోడు మూసి ఉన్నందున వాడుకదారులు ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్‌లలో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ మాత్రం ఓపెన్ సోర్సు. ఒత్తులు, గుణింతాలు తప్పుగా కూడితే, తెలుగు చదవగలిగి కోడు నేర్చిన పిల్లవాడు ఆ లోపాన్ని స్వయంగా వెతికి దిద్దవచ్చు. తెలుగు బడులు తగ్గిపోతున్నవని చింతించే ఊళ్ళలో, మాతృభాష చదవడం వచ్చిన పిల్లలకు ఇది అరుదైన అర్హత.

పద్ధతి

1. తాను నిత్యం వాడే సాఫ్ట్‌వేరును ఎంచుకోవాలి. దాని లోపాలు తానే ఎరుగును గనుక పని సులువవుతుంది.
2. లోపాల పట్టికను చదవాలి. కొత్తవారికి తగినవని నిర్వాహకులు గుర్తు పెట్టిన చిన్న పనులు అందులో ఉంటాయి.
3. గిట్ నేర్చుకోవాలి. 2005లో టోర్వాల్డ్స్ రూపొందించిన ఈ సాధనం, ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు మార్చారో నమోదు చేస్తుంది. అడంగల్‌లో భూమి మార్పులు నమోదైనట్లే ఇందులో కోడు మార్పులు నమోదవుతాయి.
4. ప్రాజెక్టు ప్రతిని తన ఖాతాలోకి తీసుకుని, వేరే శాఖలో మార్పు చేసి, పరీక్షించాలి.
5. మార్పును, దాని కారణాన్ని రెండు మూడు వాక్యాలలో వివరిస్తూ సమర్పించాలి. దీనిని గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్టు అంటారు.
6. నిర్వాహకులు తప్పులు చూపితే దిద్ది మళ్ళీ పంపాలి. రెండు మూడు మార్లు తిరిగి రావడం సాధారణం. అది అవమానం కాదు, పాఠం.

కోడు రానివారు అనువాదంతో మొదలుపెట్టవచ్చు. వికీపీడియాను నడిపే మీడియావికీ సందేశాలను ట్రాన్స్‌లేట్‌వికీలో తెలుగులోకి మార్చవచ్చు. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు, లినక్సు వంటి అంశాలపై తెలుగు పాఠాలను ఉచితంగా అందిస్తున్నది.

ప్రయోజనం

అంగీకరించిన ప్రతి మార్పు రాసినవారి పేరుతో నిలిచి ఉంటుంది. ఉద్యోగమిచ్చేవారు దానిని స్వయంగా చూడగలరు. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఎంపికైనవారికి పని పూర్తి చేసినందుకు భృతి లభిస్తుంది. 2022 నుంచి విద్యార్థులు కానివారికి కూడా అవకాశం ఇచ్చారు. కనీస వయస్సు 18 ఏళ్ళు. దరఖాస్తుకు రుసుము లేదు. అయితే కోడు అందించినంత మాత్రాన ఉద్యోగం తథ్యమని తలచరాదు. ఎక్కువ భాగం పనికి వేతనం ఉండదు.

జాగ్రత్తలు

డబ్బు పుచ్చుకుని ఓపెన్ సోర్సులో చేర్పిస్తామనే మాట నమ్మదగినది కాదు. బోధనకు ఫీజు న్యాయమే గాని, ప్రవేశానికి ఫీజు ఉండదు.

లైసెన్సు చదవకుండా ఇతరుల కోడును చేర్చరాదు. జీపీఎల్ కింద ఉన్న కోడును మార్చి పంపిణీ చేసేవారు దానిని అదే షరతులతో పంచాలి. ఎంఐటీ లైసెన్సు అంత నిర్బంధం పెట్టదు.

లెక్క కోసం అర్థంలేని మార్పులు పంపరాదు. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ ఉత్సవంలో బహుమతి చొక్కాల కోసం వచ్చిన పనికిమాలిన మార్పుల తాకిడికి నిర్వాహకులు నియమాలనే మార్చవలసి వచ్చింది.

కృత్రిమ మేధ రాసిన కోడును అర్థం చేసుకోకుండా పంపరాదు. జెంటూ లినక్సు 2024లో అటువంటి కోడును నిషేధించింది.

పాస్‌వర్డులను, ఇంటివారి ఫోను నంబర్లను కోడులో ఉంచరాదు. ఒకసారి బహిరంగమైనది తరువాత చెరిపినా పాత నమోదులలో మిగిలిపోతుంది. ఉద్యోగంలో ఉన్నవారు యజమాని ఒప్పందాన్ని ముందుగా చూసుకోవాలి.

ఊరిలో ఒక పాత ల్యాప్‌టాప్, ఫోను ద్వారా అందే ఇంటర్నెట్టు ఉన్నా ఈ పని మొదలుపెట్టవచ్చు. మూడు నెలలు ఈ విధంగా కృషి చేసిన పిమ్మట కూడా గురువు అవసరమని తోస్తే, టి. నగర్‌లోని కోర్సుకు ఫీజు కట్టవచ్చు. అప్పటికి ఏది నేర్చుకోవాలో, ఏ ప్రశ్న అడగాలో పిల్లలకే తెలిసి ఉంటుంది.