రీవ్, పాటిల్: గ్రామాధికార నామాలు ఇంటిపేర్లయిన తీరు

ఊరు, వృత్తి, పదవి, పూర్వీకుని పేరు మొదలైన ఆధారాలనుబట్టి ఇంటిపేర్లను వర్గీకరించడం నామవిజ్ఞానంలో పరిపాటి. ఈ వర్గీకరణ పేరు దేనినుంచి పుట్టిందో చెబుతుంది గాని, తరతరాలకు ఎట్లా సంక్రమించిందో చెప్పదు. ‘రీవ్’ అనే ఆంగ్లేయుల ఇంటిపేరును జహీరాబాద్ ప్రాంతంలో వినిపించే ‘పాటిల్’తో పోల్చి ఈ భేదాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాసోద్దేశం.

రీవ్ శబ్దానికి మూలం ప్రాచీనాంగ్లంలోని ‘గెరేఫ’. రాజు పక్షాన గాని, పట్టణం పక్షాన గాని, భూస్వామి పక్షాన గాని వ్యవహారం నడిపే అధికారి అని దాని అర్థం. ‘షైర్’ అనే మండలానికి అధికారియైన రీవ్ పేరే కాలక్రమంలో ‘షెరిఫ్’ అయింది. మధ్యయుగపు భూస్వామ్య గ్రామంలో రీవ్ సాధారణంగా అస్వతంత్రులైన రైతులలో ఒకడు. తోటివారు ఎన్నుకోగానో, ప్రభువు నియమించగానో కొంతకాలం సేద్యాన్ని, కోతలను పర్యవేక్షించి లెక్క అప్పగించేవాడు. 14వ శతాబ్ది చివర చాసర్ రచించిన కాంటర్‌బరీ కథలలో యాత్రికులలో ఒకడు రీవ్ కావడం ఈ పదవికి నాటి సమాజంలో ఉన్న ప్రసిద్ధికి నిదర్శనం.

ఇంగ్లండులో ఇంటిపేర్లు ప్రధానంగా 12-14 శతాబ్దుల మధ్య స్థిరపడ్డాయి. ఆ కాలంలో రీవ్‌గా ఉన్నవానికి వ్యవహారంలో అంటిన పేరు, పదవి లేని కొడుక్కూ మనుమడికీ సంక్రమించింది. పదవి చేతులు మారింది, పేరు మాత్రం ఇంట్లోనే నిలిచింది. ‘రీవ్స్’ అనే రూపం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది రీవ్ కొడుకునో సేవకునో సూచించవచ్చు. అడవి అంచున నివసించేవాడు అనే అర్థంగల వేరొక పదబంధం నుంచీ ఏర్పడి ఉండవచ్చు. రూపసామ్యం ఒక్కటే వ్యుత్పత్తికి చాలదు.

ఈ ఇంటిపేరు తెలుగు-కన్నడ సంధిప్రాంతానికీ వచ్చింది. బళ్లారిలో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీ మిషనరీ విలియం రీవ్ 1824లో ఆంగ్ల-కన్నడ నిఘంటువును, 1832లో కన్నడ-ఆంగ్ల నిఘంటువును వెలువరించాడు. అప్పటికి ఆ పేరులో గ్రామాధికార స్ఫురణ లేదు. అది కేవలం సంజ్ఞ.

‘పాటిల్’ చరిత్ర ఇందుకు భిన్నం. శాసనాలలోని ‘పట్టకిల’ శబ్దం మరాఠీలో పాటీల్‌గా పరిణమించిందని పండితుల నిర్ణయం. ‘పటేల్’ దాని సోదర రూపం. నిజాం రాజ్యంలో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ గ్రామపాలనకు మూలస్తంభాలు. ఆ పదవులు వతనులుగా కుటుంబాలలోనే కొనసాగాయి. ఇక్కడ పేరు ఒకనాటి పదవికి మిగిలిన గుర్తు కాదు. కొనసాగుతున్న హక్కుకు ప్రకటన.

ఈ రూపం జహీరాబాద్‌లో వినిపించడానికి ప్రాంతీయ చరిత్ర కారణం. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు పూర్వం ఈ తాలూకా బీదర్ జిల్లాలోనిది. నిర్ణా సర్కిల్ మినహా మిగిలిన భాగం అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసిన నేల గనుక నామపద్ధతులూ కలిశాయి. తెలుగువారి ఇంటిపేరు వ్యక్తినామానికి ముందు వస్తుంది. పాటిల్ చివర వస్తుంది. 2014, 2019లలో జహీరాబాద్ లోక్‌సభ స్థానం నుంచి ఎన్నికైన భీంరావు బస్వంత్‌రావు పాటిల్ పేరులో వ్యక్తినామం, పితృనామం, పాటిల్ అనే మరాఠీ క్రమం స్పష్టం.

తెలుగులో పదవీనామాలు రెండు దారులు పట్టాయి. ‘కరణం’, ‘తలారి’ వంటివి ఇంటిపేర్లై వ్యక్తినామానికి ముందు నిలిచాయి. రట్టగుడి, రట్టడి రూపాల నుంచి వచ్చిందని పలువురు భావించే ‘రెడ్డి’ గ్రామపెద్దను సూచించి, క్రమంగా పేరు చివరి గౌరవవాచకంగా, కులసూచకంగా మారింది. ఇంటిపేరు దానికి వేరుగా ఉంది. ఆంగ్లంలో ఇంటిపేరు ఒక్కటే చేసే పనిని తెలుగులో రెండు పదాలు పంచుకున్నాయి.

నిఘంటుదృష్టిలో రీవ్, పాటిల్ ఇంచుమించు సమానార్థకాలు. సామాజిక చరిత్రలో కావు. పదవి వంశపారంపర్యం కానిచోట ఇంటిపేరు ఒక పూర్వీకుని జీవితంలోని కొద్దికాలాన్ని మాత్రమే సూచిస్తుంది. వంశపారంపర్యమైనచోట భూమి, పెత్తనం, హోదా ఆ పేరుతోపాటే సంక్రమిస్తాయి. 1984 జనవరి 6నాటి ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్‌లో పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. తరువాత పుట్టినవారికి పాటిల్ అనేది, రీవ్ వలెనే, పదవి లేని పేరు. అయితే రీవ్ అనే పేరు నుంచి పదవి తొలగి శతాబ్దులు గడిచాయి. పాటిల్ విషయంలో ఆ స్మృతి ఇంకా సజీవం.

కాబట్టి గ్రామచరిత్ర రచనలో ఇంటిపేరును ఆధారంగా స్వీకరించే పరిశోధకులు వ్యుత్పత్తితో ఆగరాదు. ఆ పదవి సంక్రమించిన పద్ధతిని, పేరు స్థిరపడిన కాలాన్ని భూమి రికార్డులతో సరిచూడాలి. అప్పుడే ఇంటిపేరు చరిత్రకు సాక్ష్యమవుతుంది.